మార్త సిస్టరు, నాలుగు కాళ్ళ పేషెంటు

మా ఇంటి పోర్టికో నేను కారు కోసం కట్టించాను. ఈ సంగతి ముందే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే మొన్నటి వానాకాలం తర్వాత మా లేఅవుట్‌లో దీన్ని నమ్మేవాళ్ళు కరువయ్యారు. హొసకోటెలో దిగి మా ఇల్లెక్కడని అడిగితే ఆటోవాళ్ళు కూడా “గుర్రం ఇల్లా?” అంటున్నారు. మిషన్ స్కూల్లో ఇన్నేళ్ళు లెక్కలు చెప్పి, సగం ఊరి చెవులు మెలిపెట్టిన జోయెల్ మాస్టారి ఇల్లు అని ఒక్కడూ అనడు. దీనంతటికీ కారణం మా ఆవిడ మార్త. ఆవిడ గురించి ఎవరో ఒకరు నిజం రాయాలి కాబట్టి ఆ పని నేనే పెట్టుకున్నాను.

మార్త నర్సు. రిటైరైనట్టు ఆసుపత్రివాళ్ళు శాలువా కప్పి మరీ చెప్పారు గానీ ఆ మాట ఆవిడ చెవికెక్కలేదు. చీరాలలో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, నన్ను కట్టుకుని బెంగళూరొచ్చి, ఇక్కడొక పెద్దాసుపత్రిలో ఉద్యోగమంతా కట్లు కట్టే గదిలోనే చేసింది. షుగరుతో కాళ్ళకు పుండ్లు పడ్డవాళ్ళు ఆవిడ చెయ్యే కావాలని కూర్చునేవారు. తీసెయ్యక తప్పదన్న వేళ్ళను, మడమలను రోజూ కడిగి, తుడిచి, కట్టి నిలబెట్టిన సందర్భాలున్నాయి. ఇప్పటికీ మార్కెట్లో ఎవరో ఒకరు చెప్పు విప్పేసి “చూడండి సిస్టర్, ఎంత బాగా మానిందో” అని పాదం పైకెత్తుతారు. నేను టమాటాలు ఏరుకుంటున్నప్పుడు అది అంత బాగుండదు.

ఆవిడ వైద్యశాస్త్రం మొత్తం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కడగాలి. పుండు కనిపిస్తే కడగాలి, కనిపించకపోతే వెతికి కడగాలి. రిటైరయ్యాక కడగడానికి కాళ్ళు దొరక్క ఇంటి మీద పడింది. ఉల్లిపాయల్ని ఉప్పునీళ్ళలో, నా కళ్ళద్దాలను మందునీళ్ళలో, గేటు తాళాన్ని సబ్బునీళ్ళలో కడిగింది. తాళం తుప్పుపట్టి మేం ఒక ఆదివారం గోడ దూకి చర్చికి వెళ్ళాం. వీధిలో పిల్లలు సైకిల్ మీంచి పడి మోకాలు దోక్కుపోతే మా గేటు ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి ఇళ్ళకు చేరేవాళ్ళు. వాచ్‌మన్ రాజు కాలివేలికి చిన్న దెబ్బ తగిలితే పాదానికంతా ఎంత కట్టు కట్టిందంటే, అతను చెప్పు తొడుక్కోలేక మర్నాడు సెలవు పెట్టాడు.

అట్లాంటి మనిషి గేటు ముందుకి ఒక సాయంత్రం నాలుగు కాళ్ళ పుండ్లు వాటంతట అవే నడిచొచ్చాయి.

మా వెనకవీధిలో మునినారాయణప్పగారి పెంకుటిల్లు ఉంది, లేఅవుట్ రాకముందు నుంచీ ఉన్నది. ఆయన వంశమంతా ఈ పక్కవాళ్ళే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయనకో తెల్లటి ఆడగుర్రం, పేరు ముత్యం. పెళ్ళికొడుకుల్ని ఎక్కించుకుని బ్యాండుమేళంతో ఊరేగడం దాని ఉద్యోగం. ఈ చుట్టుపక్కల దాని వీపు మీద భయంతో బిగుసుకుపోయి ఫొటోలు దిగిన పెళ్ళికొడుకులు చాలామందే ఉన్నారు. భార్య పోయాక మునినారాయణప్పగారు ఆ గుర్రంతోనే ఎక్కువ మాట్లాడతాడు. కొడుకు పునీత్‌తో చెప్పాల్సినవి కూడా గుర్రానికే చెప్పుకుంటాడని, పునీత్‌కి అదే మంట అని వీధిలో అనుకుంటారు.

“సిస్టరమ్మా, రవ్వంత బయటికి రా తల్లీ,” అని ఆయన గేటు దగ్గర నిలబడి పిలిచాడు. “ముత్యం కాలు నేలకి ఆనించేకి కాకుండా ఉండాది.”

మార్త టార్చి పట్టుకుని పరుగెత్తింది. నేను కిటికీలోంచి చూశాను. గుర్రానికీ నాకూ మధ్య ఒక కిటికీ ఉండడం నాకు ఇష్టం.

గిట్టల పైన, వెనకవైపు మడతల్లో వెంట్రుకలు అట్టలు కట్టి ఉన్నాయి. వాటి కింద పక్కులు. కొన్నిచోట్ల చర్మం పగిలి ఎర్రగా చెమ్మ ఊరుతోంది. వెనక కుడికాలు వాచింది కూడా.

“ఎప్పట్నుంచి అన్నా ఇట్లా?”

“వానలు పట్టుకున్నప్పట్నుంచి. హిత్తలంతా కెసరు అయిపోయిండాది. దాంట్లో నిలబడి నిలబడి ఇట్లయిపాయ.”

హిత్తలంటే పెరడు, కెసరంటే బురద. ఎన్ని తరాలు తెలుగు మాట్లాడినా ఆయన బురద మాత్రం కన్నడంలోనే తొక్కుతాడు.

“మరి డాక్టరుకి చూపించలేదా?”

“పునీతు వద్దన్నాడు. దీపావళి అయినంక కోలారు పక్కనించి ఒకాయన వస్తాడంట, ఆయనకి ఇచ్చేద్దాం అంటా ఉండాడు. కుంటే గుర్రాన్ని పెట్టుకుని ఏం చేసేది నాయనా అంటాడు.” ఆయన గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. “కాలు బాగయితే కార్తీకం పెండ్లిండ్లకి పోతాది. అప్పుడు వాడేం మాట్లాడేకి కాదు. ఇది పోతే నాకు ఇంట్లో ఎవురున్నారు తల్లీ? నువ్వు మాన్పిస్తావా?”

మార్త నడుముకి కొంగు దోపింది. “నా చేతిలో మానని పుండు లేదన్నా. దీపావళికి మీ ముత్యాన్ని కుంటకుండా నడిపించే పూచీ నాది.”

పూచీ అన్న మాట నాకు కిటికీ దాకా వినిపించింది. మా ఇంట్లో పూచీ పడేది ఆవిడ, బకెట్లు మోసేది నేను.

మర్నాటి నుంచి ఆయన పెరట్లో వైద్యం మొదలైంది. పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళు, మందునీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. వాటి తర్వాత తడిపిన గాజుగుడ్డ, దాని మీద దూది, దూది మీద కట్టు. కట్టుకి బురద అంటకుండా పైన పాలిథిన్ సంచి. బళేపేటలో మా మేనకోడలి పెళ్ళికి బట్టలు కొన్నప్పటి సంచులు మా ఆవిడ పరుపు కింద దాచుకుంది, అవన్నీ ముత్యం కాళ్ళకెక్కాయి. అది నడుస్తుంటే కరకరమని వీధి చివరిదాకా వినిపించేది. కుక్కలు మొదట్లో మొరిగి, తర్వాత వాటికే విసుగొచ్చి మానేశాయి.

ప్రతి బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. దాన్ని నడిపే ప్రేమకుమారిగారికి విషయం తెలిసింది. ఆవిడ దేనికైనా ప్రార్థిస్తుంది, ఒకసారి మా మిక్సీకి కూడా ప్రార్థించింది. ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా పట్టుకుని కూడికకొచ్చే అక్కలందరినీ వెంటేసుకుని మునినారాయణప్పగారి పెరట్లోకి దిగి, మార్త కడిగిన కాళ్ళ మీద తలా ఇంత నూనె రాయించింది. ఇంతమంది ఇంత చేస్తుంటే తను ఊరికే నిలబడడం బాగుండదని ఆయన కూడా గుడి నుంచి పసుపూ విభూతీ తెచ్చి నూనె మీద అద్దాడు. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. అన్ని మతాలూ ఇంత సఖ్యంగా ఒకే చోట కలవడం నేను ఆ గుర్రం కాళ్ళ దగ్గరే చూశాను.

కాళ్ళు మాత్రం పాడైపోసాగాయి. వాపు మోకాళ్ళ దాకా పాకింది. మార్త కడగడం మూడు పూటలకు పెంచింది. బకెట్ చప్పుడు వింటే చాలు, ముత్యం గోడవైపు తిరిగి నిలబడేది. మునినారాయణప్పగారు రోజూ “బాగయితా ఉండాది కదా సిస్టరమ్మా?” అని అడిగేవాడు, ఆవిడ “అవుతోందన్నా” అనేది. రోజులు గడిచేకొద్దీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది, ఆవిడ జవాబు కూడా. ఒకరోజు ఆయన అడిగితే ఆవిడ వినపడనట్టు బకెట్ తీసుకుని వచ్చేసింది. ఆ రోజు నేనే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

డాక్టర్ అక్షర చిన్నపిల్ల. వరంగల్ నుంచి వచ్చి కుందలహళ్ళిలో అద్దెకుంటూ, ఐటీవాళ్ళ కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తుంది. గుర్రమనగానే సంబరపడి వానలోనే స్కూటీ మీద వచ్చేసింది. సంచులు విప్పింది, కట్లు విప్పింది, గ్లౌజులు వేసుకున్న వేలితో పసుపూ నూనే కలిసిన ముద్దని గీరి చూసింది.

“ఆంటీ, ఇది కాలా, కూరా?”

నేను నవ్వాను. మార్త చూసిన చూపుకి ఆపేశాను.

“డెయిలీ ఎన్నిసార్లు వాష్ చేస్తున్రు?”

“మూడు పూటలా అమ్మా,” అంది మార్త, పరీక్షలో ఫస్టు వచ్చినట్టు.

“అదే ప్రాబ్లమ్ ఆంటీ. తడిగా ఉంటే స్కిన్ మెత్తబడతది. మెత్తబడ్డ చోట నుంచే ఈ బ్యాక్టీరియా లోపలికి పోతది. బురద తడి సగం, మీ తడి సగం. పైనుంచి ఆయిల్ పోసి, ప్లాస్టిక్ చుట్టి, మూతపెట్టి ఉడికిస్తున్రు.”

మార్త విప్పిన కట్ల వైపు చూసింది. “పుండు కడక్కుండా ఎట్లా మానుతుందమ్మా?”

“ఇయ్యాల ఒక్కసారి నేను కడుగుతా. ఇగ మానేదాక నీళ్ళు ముట్టొద్దు. బురద అంటినా సరే, ఎండనిచ్చి బ్రష్‌తోని దులపాలె. తడి కనిపిస్తే పొడి టవల్‌తో మెల్లగా అద్దాలె, రుద్దొద్దు. అంతే.”

ముందు అట్టలు కట్టిన వెంట్రుకలు తీసెయ్యాలంది. ఆవిడ తెచ్చిన గొరిగే మిషన్ చార్జింగ్ అయిపోయింది. “అంకుల్, ట్రిమ్మర్ ఉందా?” అంది. నా గడ్డం ట్రిమ్మర్ మా అబ్బాయి పుట్టినరోజుకి కొనిచ్చినది, మార్త నన్నడక్కుండానే తెచ్చి ఇచ్చేసింది. నాలుగు కాళ్ళూ గొరిగాక, డాక్టరమ్మ మందునీళ్ళతో పక్కుల్ని నానబెట్టి, ఊడి వచ్చినవాటినే తీసి, రానివాటిని అట్లాగే వదిలేసింది. మంచినీళ్ళతో కడిగి, మా ఇంటి తువ్వాళ్ళన్నిటితో పొడి అయ్యేదాకా అద్ది, ఏదో పూతమందు రాసి, వాపుకి సూది వేసింది. ఇది మనుషుల చర్మానికి కూడా అంటుకోవచ్చు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దని చెప్పి ట్రిమ్మర్ తిరిగి నా చేతికిచ్చింది. ఆ రోజు నుంచి నేను గడ్డం పెంచుతున్నాను.

“అన్నిటికన్నా ఇంపార్టెంట్ డ్రై ప్లేస్,” అందావిడ. “సిమెంట్ ఫ్లోర్ ఉండాలె, పైన రూఫ్ ఉండాలె. ఆ పెరట్లో మాత్రం అస్సలు వద్దు.”

మునినారాయణప్పగారు నేల చూపులు చూశాడు. మార్త నన్ను చూసింది. నాకు వెంటనే అర్థమైంది.

“కారు తడుస్తుంది మార్తా.”

“తడిస్తే దాని కాళ్ళకి పక్కులు కడతాయా?” అంది.

అట్లా నా కారు వీధిలోకి, ముత్యం మా పోర్టికోలోకి మారాయి. సాయంత్రానికల్లా లేఅవుట్ సంఘం కార్యదర్శి దామోదర్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: పోర్టికోల్లో వాహనాలు మాత్రమే నిలపవలెను. గుర్రం కూడా వాహనమేనని, మా కారు కంటే చాలా పాతకాలం వాహనమని నేను జవాబిచ్చాను. ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. తర్వాత రెండ్రోజులకే దామోదర్ మనవరాలితో క్యారెట్లు పట్టుకుని మా గేటు దగ్గర కనిపించాడు. మనవరాలు చూస్తానందని చెప్పాడు గానీ క్యారెట్లన్నీ తనే పెట్టాడు.

గుర్రంతో కాపురం అంత తేలికేమీ కాదు. అది నా క్రోటన్ మొక్కలు తినేసింది. నేను సగం నింపిన సుడోకుతో సహా దినపత్రిక తినేసింది. నాకిష్టమైన కిటికీలోంచి తల లోపలికి పెట్టి, టీవీలో వార్తలు చూస్తూ నా భుజం మీద తుమ్మేది. ఒక్క మేలు మాత్రం చేసింది. బుధవారం ప్రార్థనలో ప్రేమకుమారిగారు దేశాల పేర్లు ఒక్కొక్కటే ఎత్తుకోగానే అది గిట్టతో సిమెంటు నేల గీరడం మొదలుపెట్టేది. ఆఫ్రికా దాటకముందే ఆవిడ ఆమేన్ చెప్పేసేది.

మార్తని నీళ్ళ దగ్గరికి పోనివ్వకుండా చూసే బాధ్యత డాక్టరమ్మ నాకప్పగించింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ మీద నాకెవరూ అధికారం ఇచ్చి ఎరగరు. నేను రెచ్చిపోయాను. పోర్టికోలో కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకుని తిరిగాను. ఆవిడ గుర్రం చుట్టూ తిరిగేది, వంగి చూసేది, చేతులు ముందుకి చాచి వెనక్కి తీసుకునేది. బట్టల సబ్బు కనబడితే వాసన చూసి నిట్టూర్చేది.

ఒక పొద్దున నేను కాఫీ కోసం లేచేసరికి ఆవిడ పోర్టికోలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో నీళ్ళు, చేతిలో గుడ్డ.

“మార్తా!”

“ఒక్కసారేనండీ. ఆ మడతలో ఏదో ఉంది, మీరే చూడండి.”

“డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“ఏం చెప్పిందో నాకూ తెలుసు!” అని గట్టిగా అరిచి, గిన్నె పక్కకి తోసేసి, మెట్టు మీద కూలబడింది. “ఎంతమంది కాళ్ళు నిలబెట్టానో మీకు తెలుసు. ఈ మూగజీవి కాళ్ళు నా చేతులతో నేనే పాడు చేశాను. అన్న రోజూ వచ్చి అడిగితే బాగవుతోందని చెప్పాను. రేపు దీపావళికి ఇది కుంటుకుంటూ పోతే ఆయన ముఖం నేనెట్లా చూడను? చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు రాదండీ. నాకెవరూ నేర్పలేదు.”

ఆవిడ ఏడుస్తోంది. నాకు చాలా బాధేసింది. ఇన్నాళ్ళూ కుళాయి పిడి జేబులో వేసుకుని పోలీసులా తిరిగినందుకు సిగ్గు కూడా వేసింది. ఏడిచేవాళ్ళని ఊరుకోబెట్టడం నాకు చాతకాదు. నా క్లాసులో ఏడిస్తే లెక్క మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాణ్ణి, అంతే.

“తడి కనిపిస్తే అద్దమని చెప్పింది కదా,” అన్నాను. “అది పనే కదా. తడి ఎక్కడుందో చూడడం కూడా పనే.” లోపలికి వెళ్ళి ఇంట్లో మిగిలిన ఒకే ఒక పొడి తువ్వాలు, నేను ఆ రోజు స్నానానికి దాచుకున్నది, తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీ తెచ్చి గుర్రం ఎదురుగా వేసుకుంది.

ఆ తర్వాత ఆ పోర్టికోలో చుక్క నీరు బతకలేదు. గాలి తిరిగి వాన జల్లు లోపలికి కొడితే ఆవిడ గొడుగు తెరిచి గుర్రం కాళ్ళకు పట్టేది, తను తడిసేది. ముత్యం తోక కాస్త పక్కకి జరిగితే చాలు, అది ఉచ్చ పోయబోతోందని పసిగట్టి తట్టెడు రంపపు పొట్టు ముందుగానే పోసేది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడదామని ఒకసారి స్విచ్ వేసింది. ముత్యం ఎగిరి నా పూలకుండీలు రెండూ తన్నేసింది, డ్రయ్యర్ మళ్ళీ బీరువాలోకి పోయింది. మునినారాయణప్పగారు రోజూ ఉలవలు ఉడకబెట్టుకుని వచ్చి, గుర్రంతోనూ మార్తతోనూ కబుర్లు చెప్పి పోయేవాడు. మార్త ఆయనతో “అన్నా, మొదట్లో నేను తప్పు చేశాను” అని చెప్పేసింది. “నాకు తెల్దా తల్లీ? ముత్యం నాకు అప్పుడే చెప్పిండాది,” అన్నాడాయన.

పక్కులు మెల్లగా వాటంతట అవే రాలాయి. కింద చర్మం గులాబీ రంగులో తేలింది. వాపు దిగింది. ఇంకొన్నాళ్ళకి ఆ చర్మం మీద పసిపిల్లల నెత్తి మీద ఉన్నట్టు పలచటి తెల్లటి నూగు వచ్చింది. అక్షర వచ్చి చూసి ఎగిరి గంతేసింది.

“సూపర్ ఆంటీ! ఏం చేసిన్రు?”

“ఏమీ చెయ్యలేదమ్మా,” అంది మార్త. ఆ మాట ఆవిడ నోట రావడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

దీపావళి వెళ్ళిన ఆదివారం ముత్యం మా వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క అడుగు కూడా కుంటకుండా నడిచింది. మునినారాయణప్పగారు పక్కనే పెళ్ళికొడుకులా నడిచాడు. గేట్ల దగ్గర జనం నిలబడ్డారు, దామోదర్ వీడియో తీశాడు. అదే సమయానికి పునీత్ ఒక గూడ్సు ఆటో వెనకాల బైకు మీద వచ్చాడు. ఆటోలోంచి దిగినాయన పేరు ఓంకార్, కోలారు పక్క నుంచి వస్తానన్న మనిషి ఆయనే. ముత్యం కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూసి, “ఫస్టు క్లాసుగా ఉండాది. ఈపొద్దే తోలుకుపోతా,” అన్నాడు.

“ఎందుకు తోలుకుపోయేది?” అన్నాడు మునినారాయణప్పగారు. “బాగయిపాయ కదప్పా పునీతూ. ఇంక ఎందుకు ఇచ్చేది?”

“బాగయింది కాబట్టే ఇప్పుడియ్యాల నాయనా. వచ్చే వానకి మళ్లా ఇదే కత. నీకు మోకాళ్ళు నొప్పి, నాకు ఫ్యాక్టరీలో షిఫ్టు. దినామూ సిస్టరమ్మ ఇంట్లో పెట్టేకి అయితాదా? ఈయన కాడ పెండ్లి గుర్రాలుండాయి, మంచి లాయం ఉండాది. దానికీ సుఖమే.”

కుర్రవాడు అన్యాయంగా మాట్లాడలేదు. అదే మాకు ఇబ్బంది. కాలు మానితే గుర్రం ఇంట్లో ఉంటుందనుకున్నాం గానీ, మానిన గుర్రాన్నే ఎవరైనా ఇష్టంగా తీసుకుపోతారని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మార్త మునినారాయణప్పగారి ముఖం చూసింది. ఆయన ముత్యం జూలు దువ్వుతున్నాడు. మార్త నడుముకి కొంగు దోపింది.

“సరే. ఎవరు తీసుకెళ్ళినా రిపోర్టు ఇవ్వకుండా నా పేషెంటుని నేను పంపను,” అంది.

ఇది నర్సుల పద్ధతి. డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళని ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్ళి, ఆ రోగి సంగతంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పి గానీ ఇంటికి వెళ్ళరు. రోగి ఇంటికి వెళ్తుంటే ఇంకా ఎక్కువ, అక్కడ ఎవరు చూస్తారో, ఏం పెడతారో అన్నీ అడుగుతారు. మార్త ఓంకార్‌ని తీసుకెళ్ళి గుర్రం పక్కన నిలబెట్టింది.

“ముందు ఈ కాలు. ఇక్కడ చర్మం ఇంకా పలచన. ఫోను లోపల పెట్టండి.”

ఆయన పెట్టేశాడు.

“బురద అంటితే ఏం చేస్తారు?”

“కడుగుతాం.”

“తప్పు. ఎండనిచ్చి దులపాలి. మళ్ళీ చెప్పండి.”

“ఎండనిచ్చి... దులపాల.”

“తడిస్తే?”

“తుడుస్తాం.”

“రుద్దుతారా, అద్దుతారా?”

ఓంకార్ మా అందరి వంకా దీనంగా చూశాడు. నేను ఎన్నో ఏళ్ళు ఎక్కాలు అడిగాను గానీ ఏ పిల్లవాడికీ అంత చెమట పట్టించలేదు. “అమ్మా, ఇది గుర్రమమ్మా,” అన్నాడు.

“నాకు తెలుసు. పొద్దున పూట కాళ్ళు ఎవరు చూస్తారు?”

“పనోళ్ళు ఉండారు.”

“గ్లౌజులు వేసుకుంటారా? పడుకునే చోట నేల ఎట్లాంటిది? సిమెంటా, మట్టా? నీళ్ళు నిలబడతాయా?”

ఓంకార్‌కి ఓపిక అయిపోయింది. “ఇటుకల బట్టీలో సిమెంటు నేల యాడ్నించి తెచ్చేది తల్లీ! మట్టి తొక్కే చోట కెసరు కాకుండా ఇంకేముంటాది?”

పునీత్ బైకు మీద నుంచి దిగాడు. “ఇటుకల బట్టీనా? పెండ్లి గుర్రాలంటివి కదన్నా?”

“పెండ్లిండ్లు ఎప్పుడో ఒకసారి సామీ. మిగతా దినాలు సుమ్నే, ఊరికే నిలబెట్టి తిండి పెట్టేకి అయితాదా? బండికి కడతాం, ఇటుకలు మోస్తాది,” అన్నాడు ఓంకార్, దాచాల్సిందేమీ లేనట్టు.

పునీత్ ముత్యం కాళ్ళ వైపు చూశాడు. కొత్తగా వచ్చిన ఆ నూగు మీద మార్త రాసిన పూతమందు ఇంకా తెల్లగా ఉంది.

“బండి వాపస్ తీస్కోన్నా,” అన్నాడు.

ఓంకార్ పెద్దగా బాధపడినట్టు లేడు. ఈ అమ్మ కూడా వెంట వచ్చేట్టుంటే ఆ గుర్రం తనకు ముందే వద్దని గొణుక్కుంటూ ఆటో ఎక్కాడు. మునినారాయణప్పగారు ముత్యం మెడలో ముఖం దాచుకుని పెద్దగా ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది. కారు మీద ఎవరో గీత గీశారని చెప్పి తప్పించుకున్నాను.

పునీత్ తండ్రి దగ్గరిదాకా వెళ్ళాడు. తర్వాత మార్త వైపు తిరిగాడు.

“సిస్టరమ్మా, ఆ రిపోర్టు మళ్లా మొదట్నుంచి చెప్పండి. నేను సరిగా ఇన్లే.”

“నీకు షిఫ్టులు కదా నాయనా.”

“అందుకే అడుగుతా ఉండా. హిత్తల్లో బండలు పరిపిస్తా. నేను ఇంట్లో ఉండే పూట నేను చూస్తా, లేని పూట మీరు చూడండి.”

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆసుపత్రి వదిలాక డ్యూటీ పంచుకుందామని ఆవిడని అడిగినవాడు వీడొక్కడే. నేను ఇన్నేళ్ళు పక్కనుండి బకెట్లు మోశాను గానీ ఆ మాట నాకు తోచలేదు.

పునీత్ గ్లౌజులు తొడుక్కుని, ముత్యం వెనక్కి వెళ్ళి వంగాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న గుర్రమే అయినా చెయ్యి వెయ్యడానికి జంకాడు.

“ఈ కాలు ఎట్లా పట్టుకోవాల?”

“మెల్లగా,” అంది మార్త. “ముందు దానితో మాట్లాడు. తర్వాత పట్టుకో.”

పునీత్ తండ్రి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, గుర్రంతో మాట్లాడడం మొదలుపెట్టాడు.